అరిగిన టైరుకు ఆయువు పోసిన మాప్పిళ్లై

బెలూన్ల తయారీతో ఆరంభించి టైర్ల పరిశ్రమలో విదేశీ గుత్తాధిపత్యాన్ని ఛేదించిన పారిశ్రామికవేత్త

చెన్నై: విదేశీ కంపెనీల గుప్పిట్లో ఉండిన భారత టైర్ల విపణిలో ఒక స్వదేశీ సంస్థకు అగ్రస్థానం సంపాదించిపెట్టిన పారిశ్రామికవేత్త కె.ఎం. మమ్మెన్ మాప్పిళ్లై ఈ రంగంలోకి కొత్త టైర్లతో ప్రవేశించలేదు. అరిగిపోయిన పాత టైరును మరికొన్ని వేల కిలోమీటర్లు నడిపించే ట్రెడ్ రబ్బరుతో ఆయన అడుగుపెట్టారు. టైరు కొనేవారు సొమ్ము చెల్లించేది అది మన్నే దూరానికే తప్ప రబ్బరు బరువుకు కాదని గ్రహించడమే ఆయన విజయానికి మూలమని చెప్పవచ్చు.

మాప్పిళ్లై 2003 మార్చి 3న తమ 80 ఏళ్ల వయస్సులో చెన్నైలో కన్నుమూశారు. ఆయన స్థాపించిన మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ నేడు ఎం.ఆర్.ఎఫ్. అన్న మూడక్షరాలతో ఊరూరా పరిచితమైనది. అయితే కారుకు చవకైన టైరు ఏది, అది ఎంతకాలం నిలుస్తుంది అన్న ప్రశ్నతో దుకాణం మెట్లెక్కే సామాన్య వాహనదారునికి, ఆ సంస్థ ఘనత కన్నా దాని వెనుక ఉన్న లెక్క తెలియడమే ఎక్కువ ఉపయోగకరం. ఆ లెక్క మాప్పిళ్లై జీవితంలోనే ఉన్నది.

కుటుంబాన్ని కుదిపిన 1938

మాప్పిళ్లై 1922 నవంబరు 28న కేరళలోని ప్రసిద్ధ కందత్తిల్ కుటుంబంలో జన్మించారు. తండ్రి కె.సి. మమ్మెన్ మాప్పిళ్లై మలయాళ మనోరమ పత్రికకు సంపాదకులు. తిరువాన్కూరు సంస్థానంలో బ్యాంకింగు రంగంలోనూ ఆయన పేరు గడించారు. ఆస్తికి, పలుకుబడికి లోటులేని ఇల్లు అది. పెద్ద సంతానంలో చిన్నవారిలో ఒకరైన మమ్మెన్ మాప్పిళ్లై బాల్యం ఆ వైభవంలోనే గడిచింది.

ఆ వైభవం 1938లో ఒక్కసారిగా కూలిపోయింది. సంస్థానంలో బాధ్యతాయుత ప్రభుత్వం కోసం సాగిన ఆందోళనకు మనోరమ మద్దతు పలకడం దివాను సర్ సి.పి. రామస్వామి అయ్యర్ ఆగ్రహానికి కారణమైంది. కుటుంబానికి సంబంధమున్న ట్రావంకూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు అదే సంవత్సరం మూతపడింది. పత్రిక ముద్రణాలయానికి ముద్ర వేశారు. తండ్రిని అరెస్టు చేసి కారాగారానికి పంపారు. మనోరమ తిరిగి వెలువడడానికి 1947 చివరి వరకూ వేచి ఉండవలసి వచ్చింది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం సిద్ధించింది.

బ్యాంకు పతనమైననాటికి మమ్మెన్ మాప్పిళ్లై వయస్సు పదిహేనేళ్లు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన విద్యాభ్యాసం కుటుంబం కష్టాలలో ఉన్న కాలంలోనే సాగింది. తండ్రి నుంచి మూలధనం లభించే అవకాశం లేదు. అప్పు ఇచ్చేవారికి చూపడానికి ఆస్తీ లేదు. కనుక చదువు ముగిసిన తరువాత ఆయన ఎంచుకున్న వ్యాపారం స్వల్ప పెట్టుబడితో సాగగలది కావలసి వచ్చింది.

తిరువొత్తియూరు షెడ్డు

మద్రాసు నగరానికి ఉత్తరాన సముద్రతీరంలోని తిరువొత్తియూరు, త్యాగరాజస్వామి త్రిపురసుందరి అమ్మవారిపై పంచరత్న కీర్తనలు రచించిన క్షేత్రంగా తెలుగువారికి సుపరిచితం. ఆ ఊరిలోనే 1946లో ఒక చిన్న షెడ్డులో మాప్పిళ్లై పిల్లలు ఆడుకునే బెలూన్ల తయారీ ప్రారంభించారు.

ఈ ఎంపిక కేవలం యాదృచ్ఛికం కాదు. రబ్బరు పరిశ్రమలో అత్యల్ప యంత్రసామగ్రితో చేయదగిన వస్తువులలో బెలూను ఒకటి. రబ్బరు చెట్టు నుంచి వచ్చే పాలలో గంధకాన్ని, రంగును కలిపి, అందులో అచ్చులను ముంచి తీసి, ఆరబెట్టి, వేడి చేసి, ఒలిచివేస్తే బెలూను తయారవుతుంది. భారీ మిల్లులు గాని, ఆవిరి బాయిలర్లు గాని అక్కరలేదు. కేరళ తోటల నుంచి రబ్బరు పాలు లభ్యమవుతాయి. కావలసినదల్లా ఓపిక, అమ్ముకొనే సామర్థ్యం మాత్రమే.

అమ్మకం భారం కూడా ఆయనే మోశారు. తయారైన బెలూన్లను సంచిలో వేసుకొని మద్రాసు వీధులలో దుకాణం దుకాణానికీ తిరిగి అమ్మిన రోజులు ఆయన జీవితంలో ఉన్నాయి. 1949లో నగరంలోని వర్తక కేంద్రమైన తంబుచెట్టి వీధిలో సంస్థకు తొలి కార్యాలయం ఏర్పడింది. బెలూన్లకు తోడు రబ్బరు బొమ్మలు, చేతి తొడుగులు, గర్భనిరోధక సాధనాలు కూడా ఉత్పత్తి జాబితాలో చేరాయి. ఆదాయం సమకూరసాగింది. అయినా ఇది చిన్నతరహా వ్యాపారమే. దేశ ఆర్థిక వ్యవస్థలో రబ్బరుకు ప్రధానమైన వినియోగం టైర్లలో ఉండగా, ఆ ద్వారం ఆయనకు ఇంకా మూసే ఉన్నది.

విదేశీ కంపెనీల కోట

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో టైర్ల తయారీ ప్రధానంగా విదేశీ సంస్థల చేతిలో ఉండేది. బెంగాల్‌లోని సాహాగంజ్‌లో 1936లో కర్మాగారం నెలకొల్పిన డన్‌లప్, బొంబాయిలో పాదుకొన్న ఫైర్‌స్టోన్ వీటిలో ముఖ్యమైనవి. కొత్త టైర్ల ధరలు, సరఫరా, నాణ్యత ఈ సంస్థల నిర్ణయాలపై ఆధారపడి ఉండేవి.

నాటి లారీ యజమాని పరిస్థితి గమనించదగినది. రోడ్లు గతుకులమయం. లారీలపై పరిమితికి మించిన బరువులు సర్వసాధారణం. ఎండాకాలంలో దారి పెనంలా కాలుతుంది. ఈ పరిస్థితులలో టైరు త్వరగా అరిగేది. కొత్తది కొనాలంటే ఖర్చు భారీగా ఉండేది. వాహన యజమానులలో అత్యధికులు ఒకటి రెండు బండ్లతో పొట్టపోసుకొనేవారే కనుక, అరిగిన టైరునే మళ్లీ పనికి వచ్చేలా చేసుకొనడం వారికి తప్పనిసరి.

ఈ అవసరాన్ని తీర్చేదే రీట్రెడింగు. టైరులో రోడ్డుకు ఆనే పైభాగం ట్రెడ్. దాని కింద నూలు లేక ఇతర దారాల పొరలతో బలమైన దేహం ఉంటుంది. దీనినే కేసింగు అంటారు. ట్రెడ్ అరిగిననాటికి కేసింగు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. అటువంటప్పుడు పాత ట్రెడ్‌ను గీకివేసి, కొత్త ట్రెడ్ రబ్బరు పట్టీని అతికించి, వేడితో, ఒత్తిడితో పక్వపరచినట్లయితే టైరు మరొక జీవితకాలం నడుస్తుంది. దీనికి అయ్యే ఖర్చు కొత్త టైరు ధరలో కొంత భాగమే.

మాప్పిళ్లై బంధువు ఒకరు ఇటువంటి రీట్రెడింగు కేంద్రాన్ని నడిపేవారు. దానికి కావలసిన ట్రెడ్ రబ్బరు విదేశీ సంస్థల నుంచి రావలసి ఉండేది. ఈ విషయం మాప్పిళ్లై దృష్టిలో పడింది. పాత టైరు కూడా విదేశీ సరుకు లేనిదే బతకని స్థితిలో ఉన్నప్పుడు, ఆ సరుకును స్వదేశంలోనే తయారుచేయరాదా అన్న ఆలోచన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ట్రెడ్ రబ్బరుతో తొలి విజయం

1952లో సంస్థ ట్రెడ్ రబ్బరు ఉత్పాదన చేపట్టింది. బెలూన్ల లాభాలతో ఆర్జించిన పెట్టుబడి ఇందులోకి మళ్లింది. ఆనాటికి మాప్పిళ్లై వయస్సు ముప్పై ఏళ్ల లోపే. పోటీదారులు ప్రపంచ వ్యాప్తంగా విస్తరించిన బహుళజాతి సంస్థలు. ఈ సాహసం విఫలమైతే, ఆరేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

ట్రెడ్ రబ్బరు చూడటానికి నల్లని పట్టీయే అయినా, దాని నాణ్యతలో సూక్ష్మమైన అంశాలు ఇమిడి ఉన్నాయి. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే దృఢపడుతుందని అమెరికన్ పరిశోధకుడు చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నారు. ట్రెడ్ పట్టీని పచ్చిగా ఉండగానే అమ్ముతారు. అది టైరుకు అతికిన తరువాతనే పక్వమవుతుంది. ఈలోగా అందులోని గంధకం పైకి ఉబికి వచ్చి పట్టీపై తెల్లని పొరలా పేరుకొంటే అతుకు నిలువదు. పరుగులో ఉండగా ట్రెడ్ ఊడివచ్చే ప్రమాదం ఉన్నది. ఆ పొర పేరుకొనని మిశ్రమాన్ని రూపొందించి, పట్టీ అడుగున మెత్తని అంటురబ్బరు పొరను కూడా అమర్చి మాప్పిళ్లై సంస్థ తన సరుకును విపణిలో ప్రవేశపెట్టింది. భారతీయుల యాజమాన్యంలో ఈ స్థాయి సరుకు అందించిన సంస్థ అప్పట్లో మరొకటి లేదని కంపెనీ చరిత్ర చెబుతున్నది.

ఫలితం ఆశించిన దానికన్నా ముందే వచ్చింది. 1956 ముగిసేనాటికి దేశంలోని ట్రెడ్ రబ్బరు విపణిలో సగం వాటా ఈ సంస్థ చేతికి చిక్కింది. పెద్ద బహుళజాతి సంస్థలు ఈ వ్యాపారం నుంచి వైదొలగక తప్పలేదు. తంబుచెట్టి వీధిలోని ఒక చిన్న సంస్థ కేవలం నాలుగేళ్లలో ఈ ఫలితం సాధించడం నాటి వాణిజ్య వర్గాలలో చెప్పుకోదగిన పరిణామం.

ఈ విజయంలో ధర ఒక్కటే ప్రధానం కాదన్నది ఇక్కడ గమనార్హం. లారీ యజమానికి చవక ట్రెడ్ దొరికి అది పది రోజులలో ఊడిపోతే నష్టమే. సరకు దారిలో ఆగిపోతుంది. కిరాయి పోతుంది. డ్రైవరు ప్రాణానికి ముప్పు. ఎక్కువ దూరం మన్నినదే నిజంగా చవకైనదని ఆ యజమాని అనుభవంతో ఎరుగును. మాప్పిళ్లై తన సరుకును ఆ కొలబద్దకు తగినట్లుగా తీర్చిదిద్దారు.

కొత్త టైర్ల రంగంలోకి

ట్రెడ్ రబ్బరులో సాధించిన స్థానంతో తృప్తిపడి ఉంటే మాప్పిళ్లై ఒక సంపన్న వ్యాపారిగా మిగిలిపోయేవారు. ఆయన అంతటితో ఆగలేదు. 1960లో మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా రూపొందింది. 1961లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రానికి చెందిన మాన్స్‌ఫీల్డ్ టైర్ అండ్ రబ్బర్ కంపెనీతో సాంకేతిక సహకార ఒప్పందం కుదిరింది. దాదాపు అదే సమయంలో ప్రజల నుంచి వాటాధనం సేకరించి పబ్లిక్ కంపెనీ అయింది. తిరువొత్తియూరు కర్మాగారంలో టైర్ల ఉత్పత్తి ఆరంభమైంది.

విదేశీ పరిజ్ఞానం లభించినంత మాత్రాన కష్టాలు తీరలేదు. అమెరికాలోని నున్నని రహదారులను, పరిమిత భారాలను దృష్టిలో ఉంచుకొని రూపొందిన టైరు భారతదేశపు గతుకులకు, ఎండలకు, అధిక బరువులకు యథాతథంగా సరిపడలేదు. రబ్బరు వేడెక్కితే త్వరగా అరుగుతుంది. లోపలి దారాల పొరలు విడిపోతాయి. స్వదేశీ కంపెనీ టైరు నమ్మదగినదేనా అన్న శంక కొనుగోలుదారులలో ఎటూ ఉన్నది. ఈ దశలో మన్నిక తగ్గిందన్న మాట వ్యాపిస్తే సంస్థ మనుగడకే ప్రమాదం.

మాప్పిళ్లై ఇందుకు ఎంచుకున్న మార్గం సొంత పరిశోధన. దేశీయ రోడ్లకు తగిన మిశ్రమాలను, ట్రెడ్ నమూనాలను సంస్థలోనే అభివృద్ధి చేయడానికి ప్రాధాన్యం ఇచ్చారు. సాంకేతిక సహకారాన్ని స్వీకరిస్తూనే దానిపై పూర్తిగా ఆధారపడరాదన్న ఈ వైఖరి ఆ తరువాతి దశాబ్దాలలో సంస్థను కాపాడింది. 1979లో మాన్స్‌ఫీల్డ్ తన వాటాలను వదులుకొనగా, సంస్థ పేరు ఎం.ఆర్.ఎఫ్. లిమిటెడ్‌గా మారింది. విదేశీ భాగస్వామి వైదొలగినా ఉత్పత్తి కుంటుపడలేదు.

కండలవీరుడు, ఎగుమతులు

1964లో సంస్థ ఎగుమతుల కోసం బీరూట్‌లో కార్యాలయం తెరచింది. టైరును రెండు చేతులతో ఎత్తిపట్టిన కండలవీరుని చిహ్నం పుట్టినదీ అదే సంవత్సరం. దీనిని రూపొందించినవారు ప్రకటనల రంగంలోనూ, రంగస్థలంపైనా ఖ్యాతిగాంచిన అలీక్ పదంసీ. టైర్లు కొనే లారీ డ్రైవర్లు ప్రధానంగా కోరేది బలమేనన్న అవగాహనపై ఈ బొమ్మ రూపొందింది. అక్షరజ్ఞానం లేనివారు సైతం దానిని చూచి సరుకును గుర్తుపట్టగలిగారు.

1967లో సంస్థ అమెరికాకు టైర్లు ఎగుమతి చేసింది. భారతదేశం నుంచి ఆ దేశానికి టైర్లు పంపిన మొదటి కంపెనీగా అది గుర్తింపు పొందింది. విదేశీ మారకద్రవ్యం కోసం దేశం అల్లాడుతున్న రోజులవి. సాంకేతిక పరిజ్ఞానం అరువు తెచ్చుకున్న దేశానికే సుమారు ఆరేళ్లలో సరుకు పంపగలగడం విశేషం.

1970 దశకం ఆరంభంలో కొట్టాయం, గోవా, అరక్కోణం కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి ప్రారంభమయ్యాయి. వీటిలో కొట్టాయానికి ప్రత్యేకత ఉన్నది. అది రబ్బరు తోటల సీమ. రబ్బరు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా అక్కడే ఉన్నది. 1938లో సర్వస్వం కోల్పోయిన కుటుంబపు వారసుడు ఆ సీమలోనే టైర్ల కర్మాగారానికి అధిపతి అయ్యారు.

కారు టైరులో మార్పులు

లారీ టైర్లతో పేరు తెచ్చుకున్నా, కారు టైర్లలోనూ సంస్థ ముఖ్యమైన మార్పునకు దారితీసింది. తొలినాటి టైర్ల దేహంలో నూలు దారాలు ఉండేవి. తేమ తగిలితే అవి చివికిపోయేవి. తరువాత వచ్చిన రేయాన్ కొంత మెరుగైనా తడిలో దాని బలం తగ్గేది. నైలాన్ దారం ఈ రెండింటికన్నా దృఢమైనది. గతుకుల దెబ్బలను తట్టుకోగలదు. 1973లో దేశంలో నైలాన్ కారు టైర్లను వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి చేసి విక్రయించిన తొలి సంస్థలలో ఎం.ఆర్.ఎఫ్. ఒకటిగా నిలిచింది. అంబాసిడర్, ఫియట్ కార్లే రోడ్లపై కనిపించే ఆ రోజులలో టైరు హఠాత్తుగా పగిలిపోవడం కారు యజమానులకు ప్రధానమైన భయం. కనుక నైలాన్ టైరుకు ఆదరణ లభించింది.

1978లో సూపర్‌లగ్ పేరిట వచ్చిన లారీ టైరు అనంతర కాలంలో దేశంలోనే అత్యధికంగా అమ్ముడైన టైర్లలో నిలిచింది. 1980లో అమెరికాకు చెందిన బి.ఎఫ్. గుడ్‌రిచ్‌తో కొత్త సాంకేతిక ఒప్పందం జరిగింది. 1983 డిసెంబరులో మారుతి 800 కారు రంగప్రవేశంతో దేశంలో కార్ల వాడకం స్వరూపమే మారిపోయింది. ఈ కారుకు అమర్చే టైర్ల సరఫరాకు ఎన్నికైన సంస్థలలో ఎం.ఆర్.ఎఫ్. ఒకటి. 1980 దశకం మధ్య నాటికి దేశీయ టైర్ల పరిశ్రమలో అగ్రస్థానం మాప్పిళ్లై సంస్థకు దక్కింది. ఒకనాడు ఎదురులేని డన్‌లప్ భారత సంస్థ తదుపరి కాలంలో యాజమాన్యాలు మారి, క్షీణించి, 2010 దశకంలో సాహాగంజ్ కర్మాగారంతో సహా మూతపడింది.

కారు టైర్లలో తరువాతి దశ రేడియల్. పాత తరహా టైరులో దారాలు ఏటవాలుగా, ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉంటాయి. రేడియల్ టైరులో అవి అంచు నుంచి అంచుకు నేరుగా ఉండి, ట్రెడ్ కింద ఉక్కుతీగల పట్టీ ఉంటుంది. దీనివలన ట్రెడ్ రోడ్డుపై మెలితిరగడం తగ్గి, వేడి, అరుగుదల రెండూ తగ్గుతాయి. ఇంధనం కొంత ఆదా అవుతుంది. నేడు దేశంలో కొత్త కార్లకు దాదాపు అన్నింటికీ రేడియల్ టైర్లే వస్తున్నాయి.

తెలుగు నేలతో అనుబంధం

తెలుగు ప్రాంతంతో ఈ సంస్థ అనుబంధం ఉమ్మడి మెదక్ జిల్లాలోని సదాశివపేట వద్ద నెలకొన్న కర్మాగారంతో బలపడింది. ప్రస్తుతం ఈ ప్రాంతం తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే రహదారిని ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో పలు కుటుంబాలకు ఈ పరిశ్రమ జీవనాధారమైంది.

మాప్పిళ్లై తొలి విజయానికి ఆధారమైన రీట్రెడింగు కూడా తెలుగువారికి కొత్త కాదు. రోడ్డు రవాణా సంస్థ తన బస్సుల టైర్లను సొంత రీట్రెడింగు షాపులలో పునరుద్ధరించుకొనే పద్ధతిని చిరకాలంగా అనుసరిస్తున్నది. వేలాది బస్సులు తిప్పే సంస్థకు టైర్ల ఖర్చు డీజిల్ తరువాత లెక్కించదగిన పెద్ద పద్దులలో ఒకటి. ప్రయాణికుని టిక్కెట్టు ధరలో ఆ ఖర్చు కూడా చేరి ఉంటుంది. అయితే కార్ల విషయంలో రీట్రెడింగు అంతగా వాడుకలో లేదు. కారు టైరు కేసింగు పలుచన. వేగం ఎక్కువ. కొత్త టైరు ధర కూడా లారీ టైరుతో పోలిస్తే తక్కువ. కాబట్టి కారు యజమాని కొత్త టైరునే తెలివిగా ఎంచుకోవలసి ఉంటుంది.

కిలోమీటరుకు ఎన్ని పైసలు?

ఆ ఎంపికలోనూ లారీ యజమాని పాటించిన లెక్కే పనికివస్తుంది. ఉదాహరణకు ఒక టైరు 4,000 రూపాయలకు లభించి 25,000 కిలోమీటర్లు మన్నిందనుకొంటే, కిలోమీటరుకు 16 పైసలు అయినట్లు. మరొకటి 5,000 రూపాయలది అయి 45,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు సుమారు 11 పైసలే. నిత్యం దూర ప్రయాణాలు చేసేవారికి రెండవదే చవక.

అయితే ఈ లెక్కకు మరొక పార్శ్వం ఉన్నది. టైరు పరుగుతోనే కాక వయస్సుతో కూడా క్షీణిస్తుంది. ఎండ, గాలి, వేడి తగిలి రబ్బరు క్రమేణా గట్టిపడి బీటలు వారుతుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణులకు చూపించాలని, పదేళ్లు నిండితే ట్రెడ్ ఎంత ఉన్నా మార్చివేయాలని పలు తయారీ సంస్థలు సూచిస్తున్నాయి. ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలూ ఉన్నాయి. సంవత్సరానికి 4,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారుకు 45,000 కిలోమీటర్ల టైరు వేసినా, ట్రెడ్ పూర్తిగా అరగకముందే దాని వయస్సు తీరిపోతుంది. అటువంటి యజమానికి తక్కువ ధర టైరే లాభదాయకం. అంటే చవక టైరు అందరికీ ఒకటి కాదు. ఎవరి పరుగును బట్టి వారికి నిర్ణయమవుతుంది.

టైరు వయస్సు తెలుసుకొనడం కష్టం కాదు. దాని పక్క గోడపై ముద్రించిన సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 3524 అని ఉంటే అది 2024వ సంవత్సరం 35వ వారంలో తయారైనదని అర్థం. రాయితీపై అమ్మే టైరు ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్నదా అన్నది ఈ అంకెలతో తేలిపోతుంది. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదీ లేనిదీ కూడా చూచుకోవాలి.

పరిమాణపు సంకేతాన్నీ సరిచూసుకొనడం అవసరం. 145/80 ఆర్12 74టి అని ఉంటే, 145 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అనేది వెడల్పులో ఎత్తు శాతం. ఆర్ అంటే రేడియల్. 12 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసం. 74 అంటే టైరు మోయగల బరువు 375 కిలోలు. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగపరిమితి. ధర తగ్గుతున్నదని బరువు, వేగాల సంకేతాలు తక్కువగా ఉన్న టైరును ఎంచుకొనడం ప్రమాదకరం.

టైరు ఎప్పుడు మార్చాలన్నదానికి చట్టం కూడా కొలత నిర్ణయించింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు టైరు ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకన్నా తగ్గరాదు. ట్రెడ్ గాడులలో అక్కడక్కడ చిన్న దిమ్మెలు ఉంటాయి. ట్రెడ్ వాటితో సమానమైతే టైరు కాలం తీరినట్లే. ఆ తరువాత వానలో బ్రేకు వేస్తే గాడులలోంచి నీరు పోయే దారిలేక కారు జారిపోతుంది.

మిగిలినది యజమాని చేతిలో ఉన్నది. గాలి తక్కువైతే టైరు అంచులు, ఎక్కువైతే నడిమి భాగం ముందుగా అరుగుతాయి. చక్రాల అలైన్‌మెంటు తప్పితే ఒకవైపే అరుగుతుంది. నెలకోసారి టైరు చల్లగా ఉండగా గాలి సరిచూసుకొనడం, పదివేల కిలోమీటర్లకు ఒకసారి ముందు వెనుక టైర్లను మార్చుకొనడం వలన మన్నిక పెరుగుతుంది. పైసా ఎక్కువ ఖర్చు లేకుండా టైరును చవక చేసుకొనే మార్గం ఇదే.

చివరి సంవత్సరాలు

1980 దశకం చివర మాప్పిళ్లై సంస్థ టైర్లకు వెలుపలా విస్తరించింది. 1987లో మద్రాసులో నెలకొల్పిన ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌లో ఆస్ట్రేలియా మాజీ క్రికెటర్ డెనిస్ లిల్లీ శిక్షణలో భారత ఫాస్ట్ బౌలర్లు తయారయ్యారు. ఫన్‌స్కూల్ పేరిట పిల్లల ఆటవస్తువుల తయారీ కూడా సంస్థ చేపట్టింది. బెలూన్లతో వ్యాపారం ఆరంభించిన వ్యక్తి తిరిగి బాలల ఆటవస్తువుల వైపు రావడం ఆసక్తికరం. పరిశ్రమకు చేసిన సేవకు గుర్తింపుగా భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది.

ఆయన మరణానంతరం కుటుంబ సభ్యులే సంస్థ పగ్గాలు చేపట్టారు. 2023 జూన్‌లో ఎం.ఆర్.ఎఫ్. వాటా ధర లక్ష రూపాయలు దాటినప్పుడు, దేశంలో ఆ స్థాయిని అందుకొన్న తొలి కంపెనీగా అది వార్తలకెక్కింది. వాటా ధరను చూచి సంస్థ గొప్పతనాన్ని అంచనా వేసేవారు ఆ రోజు ఎందరో ఉన్నారు. కాని మాప్పిళ్లై తొలి ఖాతాదారులు షేర్ మార్కెట్ ముఖం ఎరుగనివారు. అరిగిన టైరుతో వచ్చి, అది ఇంకెంత దూరం పోతుందని అడిగిన లారీ యజమానులు వారు. వారికి తృప్తికరమైన సమాధానం ఇవ్వగలిగినందువల్లనే విదేశీ కంపెనీలను కాదని మద్రాసు సరుకు నిలదొక్కుకొన్నది. నేడు కారు టైరు కొనే ప్రతి ఒక్కరూ దుకాణదారును ధర అడిగిన తరువాత వేయవలసిన రెండవ ప్రశ్న కూడా అదే.